ఎక్మోపై ఉన్న గుండె రోగికి లాక్టేట్ పరీక్ష ఎందుకు?

గుండె బాగా దెబ్బతిన్న రోగిని ఎక్మో మెషీన్‌పై పెట్టాక, ఐసీయూ బయట కూర్చున్న ఇంటివాళ్లకు డాక్టర్లు తరచూ చెప్పే మాట లాక్టేట్. "నిన్న 9 ఉంది, ఇవాళ 4కి దిగింది" అంటారు. బీపీ, షుగర్ సంగతి అందరికీ తెలుసు. ఇదేంటో చాలామందికి తెలియదు, అడగడానికి మొహమాటపడతారు.

శరీరంలోని కణాలు ఆక్సిజన్ సాయంతో గ్లూకోజ్ నుంచి శక్తి తీసుకుంటాయి. ఆక్సిజన్ చాలకపోతే సగం దారిలోనే ఆగిపోయి లాక్టేట్‌ను రక్తంలోకి వదులుతాయి. పెరుగు పులుపుకు కారణమైన లాక్టిక్ ఆమ్లానికి దగ్గరి రూపమే ఇది. 1780లో స్వీడన్ శాస్త్రవేత్త షీలే ఆ ఆమ్లాన్ని పులిసిన పాల నుంచే వేరుచేశాడు. ఆరోగ్యవంతుల్లోనూ కొంత లాక్టేట్ తయారవుతుంది, కాలేయం, కిడ్నీలు దాన్ని తీసేస్తుంటాయి. అందుకే మామూలుగా లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటదు. 4 దాటితే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. కొన్ని ల్యాబులు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, అక్కడ 18 అంటే ఇక్కడి 2 అన్నమాట. రిపోర్టు చూసి కంగారుపడే ముందు కొలమానం ఏదో చూసుకోవాలి.

గుండె కోసం పెట్టే ఎక్మో పెద్ద సిరలోంచి రక్తాన్ని బయటకు లాగి, ఆక్సిజన్ ఎక్కించి, తిరిగి ధమనిలోకి తోస్తుంది. నిమిషానికి 4 లీటర్లు వెళ్తోందని స్క్రీన్ మీద కనిపించవచ్చు. బీపీ కూడా బాగానే ఉండవచ్చు. కానీ ఆ రక్తం పేగులకు, కాలేయానికి, కాళ్లకు చాలినంత అందుతోందా అన్నది స్క్రీన్ చెప్పదు. ఆ ఆచూకీ ఇచ్చేవాటిలో లాక్టేట్ ముఖ్యమైనది. ధమనిలో ముందే పెట్టిన లైన్ నుంచి కొద్దిగా రక్తం తీసి బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో పెడితే కొద్ది నిమిషాల్లో అంకె వస్తుంది. మొదటి రోజు గంట, రెండు గంటలకోసారి చూడటం కూడా ఉంది, రోగి కుదుటపడ్డాక వ్యవధి పెంచుతారు.

ఒక్క అంకెను పట్టుకుని ఏమీ తేల్చలేం. 10తో మొదలై 6కి, తర్వాత 3కి దిగుతున్న రోగి పరిస్థితి, 4 నుంచి 7కి ఎక్కుతున్న రోగి కంటే ఆశాజనకం. కాబట్టి "అబ్బాకు లాక్టేట్ ఎంత?" అని మాత్రమే కాదు, "పొద్దున ఎంత, ఇప్పుడెంత?" అని అడగాలి. దిగనంటే ఎక్కడో ఏదో జరుగుతోందని అనుమానం. పంపు ప్రవాహం చాలడం లేదా? ఎక్కడైనా రక్తం కారుతోందా? తొడలో పైపు వేసిన వైపు కాలు చల్లబడిందా? పేగులకు రక్తం ఆగిందా? నిన్నటిదాకా బాగుందన్న రోగిని ఉన్నట్టుండి స్కానింగ్‌కో, ఆపరేషన్‌కో తీసుకెళ్లడం వెనుక చాలాసార్లు ఈ అంకే ఉంటుంది.

అయితే లాక్టేట్ పెరిగిందంటే ప్రతిసారీ ఆక్సిజన్ లోటే అనుకోకూడదు. గుండెకు ఊతంగా ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ కూడా దాన్ని పెంచుతుంది. ఫిట్స్ వచ్చినా పెరుగుతుంది. కాలేయం దెబ్బతింటే తయారైంది బయటికి పోదు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్, ముఖ్యంగా కిడ్నీలు పనిచేయనప్పుడు, లాక్టేట్‌ను ప్రమాదకరంగా పెంచగలదు. మన ఇళ్లలో ఈ మాత్ర వేసుకునేవాళ్లు ఎంతమందో! రోగి వాడే మందుల చీటీ అడ్మిషన్ రోజునే డాక్టర్ చేతికివ్వాలి.

గుండెపోటుతో షాక్‌లోకి వెళ్లిన 417 మందిపై జర్మనీ, స్లొవేనియాల్లో జరిగిన ఈసీఎల్ఎస్-షాక్ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. లాక్టేట్ 3 దాటినవారినే అందులో చేర్చుకున్నారు. 30 రోజుల్లో చనిపోయినవారు ఎక్మో వైపు 47.8 శాతం, మామూలు చికిత్స వైపు 49 శాతం. అంటే తేడా దాదాపు లేదు. పైగా ఎక్మో వైపు రక్తస్రావాలు, కాళ్లకు రక్తం అందని సమస్యలు ఎక్కువ. అందుకే ఈ మెషీన్ ఎవరికి పెట్టాలి, ఎన్నాళ్లు ఉంచాలి అనేది డాక్టర్లకూ తేలిక నిర్ణయం కాదు. గంటలు గడిచినా లాక్టేట్ దిగకపోతే ఇంటివాళ్లను లోపలికి పిలిచి మాట్లాడతారు. అప్పుడు గుండె స్కాన్, మెదడు పరిస్థితి, కిడ్నీల పనితీరు కూడా అడిగి తెలుసుకోవచ్చు.