వేపనూనె కథలో రాయని పుటలు

వేపనూనె చరిత్ర చెప్పేవారు ఆయుర్వేదంతో మొదలుపెట్టి, ఈ నూనెపై ఇచ్చిన యూరోపియన్ పేటెంటు రద్దు దగ్గరకు ఒక్క గంతులో వచ్చేస్తారు. దీపానికి, పశువుల పుళ్లకు, గజ్జికి ఆ నూనె వాడడం పాత సంగతే. 1994లో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయిందనీ, 2005లో అప్పీలూ వీగిపోయిందనీ అందరికీ తెలుసు. నా అసంతృప్తి నడుమ కాలం గురించి.

కొవ్వు ఆమ్లాల లెక్కన వేపనూనెలో వింతేమీ లేదు. అన్నిటికంటే ఎక్కువ ఓలియిక్, తర్వాత స్టియరిక్, పామిటిక్, లినోలియిక్. సబ్బుకు అది చాలు. చేదు మాత్రం వేరే పదార్థాలది. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ నూనె నుంచే నింబిన్, నింబినిన్, నింబిడిన్‌లను విడదీశారు. ఆధునిక వేప రసాయనశాస్త్రానికి మొదలు అదే అని నా అభిప్రాయం.

అయినా చాలా పుస్తకాలు 1959లో సూడాన్‌లో మొదలవుతాయి. మిడతల దండు చెట్లన్నీ తినేసి వేపను వదిలేయడం జర్మన్ శాస్త్రవేత్త ష్ముట్టరర్ అక్కడ గమనించారు. అది విలువైన పరిశీలనే. కానీ 1962లో ఢిల్లీలో శాస్త్రవేత్త ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల పొడిని నీళ్లలో కలిపి పైరుపై చల్లారు. మిడతలు వాలాయి, తినలేదు. మరుసటి ఏడే హైదరాబాదులోని ఇండియన్ సెంట్రల్ ఆయిల్‌సీడ్స్ కమిటీ సి.ఆర్. మిత్రా రాసిన 'నీమ్' గ్రంథాన్ని అచ్చువేసింది. ఇంగ్లండులో బటర్‌వర్త్, మోర్గన్ వేపలో పురుగులను ఆపే ముఖ్య పదార్థమైన అజాడిరక్టిన్‌ను వేరుచేసింది 1968లో. ఆ ఘనత వారిదే, కాదనను. పొలంలో రుజువు మాత్రం అంతకు ఆరేళ్ల ముందే ఇక్కడ దొరికింది.

ఢిల్లీలో చల్లింది నూనె కాదు, గింజల పొడి కలిపిన నీళ్లు. ఈ తేడా చిన్నది కాదు. గింజలను గానుగాడితే అజాడిరక్టిన్‌లో ఎక్కువ భాగం వేపపిండిలోనే మిగిలిపోతుంది. నూనెలోకి వచ్చిన కొద్దిపాటిదీ ఎండకు త్వరగా విరిగిపోతుంది. వానకు తడిసి బూజుపట్టిన గింజల్లో అదీ తగ్గుతుంది.

2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరైంది. వాడకం పెరిగింది, అవగాహన పెరగలేదు. దుకాణాల్లో అజాడిరక్టిన్ 300, 1500, 10000 పీపీఎం ఉన్న సీసాలు పక్కపక్కనే ఉంటాయి, రైతు మాత్రం వట్టి 'వేపనూనె' అని అడిగి తెచ్చుకుంటున్నాడు. సీసా మీద అజాడిరక్టిన్ ఎంతో రాయకపోతే పురుగుమందుగా దాన్ని కొనకండి. ఆ డబ్బుతో మంచి గింజలు కొని, దంచి, రాత్రంతా నానబెట్టి కషాయం తీసుకోండి.