గూడూరు లారీలు – ఇంజన్ల మార్పులు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర వ్రాయడానికి మనలో మాస్టర్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది ఇంజను ఒక్కటే. ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్ళకు పైగా నూనె చేతులతో గడిపినవాణ్ణి. కాబట్టి గూడూరు రోడ్డు మీద తిరిగిన లారీల ఇంజన్లను మనవాళ్ళు ఎట్లా మార్చుకుంటూ వచ్చారు, ఆ మార్పులు గిట్టుబాటయ్యాయా లేదా అన్నది వ్రాస్తున్నాను. మనలో కొందరి కొడుకులకు, అల్లుళ్ళకు లారీలున్నాయి. రిటైర్మెంటు డబ్బు తీసి లారీ మీద పెట్టి, నెలనెలా వాయిదా ఎట్లా కట్టాలా అని కూర్చున్న ఇళ్ళు నాకు తెలుసు. అందుచేత ఇది వట్టి కాలక్షేపం కాదు.

మన ఊరు రైలు జంక్షనే గాక మద్రాసు–కలకత్తా జి.ఎన్.టి. రోడ్డు మీది మజిలీ కూడా. ఆ రోడ్డే తర్వాత 5వ నంబరు జాతీయ రహదారి అయింది, 2010లో నంబర్లు మార్చినప్పుడు 16 అయింది. సైదాపురం, కలిచేడు గనుల మైకా, మెట్ట పొలాల నిమ్మకాయలు, కోట–చిల్లకూరు వైపు తెల్ల ఇసుక, ఇవన్నీ చక్రాల మీదనే బయటికి పోవాలి. ఇంజను ఎంత లాగుతుంది, ఎంత తాగుతుంది అన్న లెక్క ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉండేది.

మొదటి పెద్ద మార్పు ఎవరూ కోరుకున్నది కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టారు. బస్సుల వెనుక ఇనుప కొలిమి బిగించి, బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపారు. అవే బొగ్గు బస్సులు. మన తీరం పొడవునా సరుగుడు తోటలున్నాయి గనుక బొగ్గుకు కరువు లేదు. క్లీనరు తెల్లవారకముందే లేచి చక్రం తిప్పి గాలి కొట్టి నిప్పు రాజేస్తే, గ్యాసు తయారయ్యేసరికి ప్రయాణీకులు ఒక టీ తాగి వచ్చేవారని మా నాయన చెప్పేవాడు. ఆ గ్యాసులో సగానికి సగం మండని నైట్రోజనే. అందుచేత ఇంజను బలంలో మూడో వంతు మొదలు సగం దాకా పోయేది. మిట్ట వస్తే దిగి తోయడం టిక్కెట్టులో భాగమే! ఫిల్టరు సరిగా లేకపోతే బూడిద లోపలికి పోయి సిలిండర్లు అరిగేవి. యుద్ధం అయిపోయి పెట్రోలు దొరకగానే ఆ కొలుములు పాత ఇనుము కొట్లకు చేరాయి. గిట్టుబాటు అయిందా అంటే, బండి ఆగిపోవడం కంటే మేలు, అంతే.

యుద్ధం తర్వాత మిలిటరీవాళ్ళు అమ్మేసిన డిస్పోజల్ లారీలు వచ్చాయి. అమెరికా షెవ్రొలే, ఫోర్డు బండ్లు, అన్నీ పెట్రోలువి. బెడ్‌ఫర్డు, డాడ్జి, ఫార్గో లారీలు కూడా అప్పట్లో ఎక్కువగా పెట్రోలుతోనే నడిచేవి. సరిగ్గా ఆ రోజుల్లో వచ్చింది పెర్కిన్స్ పి6 డీజిల్ ఇంజను. ఇంగ్లండులోని పీటర్‌బరోలో పుట్టిన ఇంజను అది. ఆరు సిలిండర్లు, 83 గుర్రాల బలం. 1950లలో మద్రాసు సింప్సన్ కంపెనీ వాళ్ళే దాన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. లారీ అదే, బాడీ అదే. పెట్రోలు ఇంజను దించేసి పెర్కిన్స్ ఎక్కించేవారు.

నా అభిప్రాయంలో మన రోడ్డు మీద జరిగిన మార్పులన్నింటిలో నిజంగా డబ్బు మిగిల్చింది ఇదే. కారణం తేలిక. అప్పటి పెట్రోలు ఇంజను గాలిని ఆరేడింతలు నొక్కితే, పెర్కిన్స్ పదహారింతలకు పైగా నొక్కుతుంది. నొక్కుడు పెరిగేకొద్దీ అదే నూనె నుంచి ఎక్కువ పని వస్తుంది. పైగా లీటరు డీజిల్లో లీటరు పెట్రోలు కంటే నూటికి పది, పన్నెండు వంతుల వేడి ఎక్కువ. ధర చూస్తే తక్కువ. మూడు లాభాలు ఒకే చోట కలిశాయి. తిప్పలు లేకపోలేదు. ఇంజను బరువుకు ముందు కమాన్‌పట్టీలు వంగిపోయేవి, అదనంగా ఆకులు వేయించాలి. స్టార్టు కావడానికి పెద్ద బ్యాటరీలు కావాలి. డీజిల్ ఇంజను తక్కువ చుట్లు తిరుగుతుంది గనుక బండి వేగం కొంచెం తగ్గేది. అయినా ఖర్చు తిరిగి వచ్చేది.

1954లో టాటావారు జర్మనీ డైమ్లర్–బెంజ్‌తో కలిసి లారీలు తీయడం మొదలుపెట్టారు. 1955 నుంచి ఎన్నూరులో అశోక్ లేలాండు. ఈ బండ్లు ఫ్యాక్టరీలోనే డీజిల్ ఇంజనుతో పుట్టాయి. ఇంజను మార్చవలసిన అవసరం తీరిపోయింది. కానీ మనవాళ్ళ చెయ్యి ఊరుకోదు గదా! అప్పుడు మొదలైంది పంపు పెంచడం.

టాటా 1210 అంటే మొత్తం బరువు 12 టన్నులు, బలం సుమారు నూరు గుర్రాలు. మనవాళ్ళు అంతకు మించి ఎక్కించేవారు. మిట్టలో లాగడం లేదంటే డీజిల్ పంపు సీలు తెంచి, డెలివరీ పెంచమనేవారు. నిజమే, పికప్ వచ్చేది. దాని వెంట నల్లపొగ కూడా వచ్చేది. ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు పద్నాలుగున్నర గ్రాముల గాలి కావాలి. పంపు తిప్పితే నూనె పెరుగుతుంది గాని గాలి పెరగదు. మిగిలిన నూనె మసి అవుతుంది. వెనుక బండి వాడి ముఖాన పడే ఆ నలుపంతా యజమాని కొన్న డీజిలే. దానికి తోడు లోపల వేడి పెరిగి హెడ్ గ్యాస్కెట్ పోతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

ఈ విషయంలో నిమ్మకాయల లారీవాళ్ళ వాదన వేరే. వాళ్ళను తేలికగా తీసిపారేయలేం. ఢిల్లీకి మనకు రెండు వేల కిలోమీటర్ల పైమాట. కాయ పచ్చిగా చేరితే ఒక రేటు, పండి మెత్తబడితే ఒక రేటు. ఒక ఉదయం ముందు మార్కెట్టులో దిగడం అంటే డబ్బే. అందుకని ఒక లెక్క వేసి చూద్దాం. నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి రెండు వేల కిలోమీటర్లకు 500 లీటర్లు. పంపు పెంచాక మూడున్నర ఇస్తే 571 లీటర్లు. ఎక్కువైన 71 లీటర్లకు ఇప్పటి ధరలో దాదాపు ఏడు వేల రూపాయలు. వేగం సగటున గంటకు 40 నుంచి 43కు పెరిగిందనుకుంటే మిగిలేది మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలను ఒక్క చెక్‌పోస్టు మింగేసేది! 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చి అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేసే దాకా, కాయ పండేది ఇంజను నెమ్మదివల్ల కాదు, క్యూలో నిలబడటం వల్ల. ఆ క్యూకు ఏ మెకానిక్కూ మందు ఇవ్వలేడు.

మా ఆర్టీసీలో చేసింది సరిగ్గా దీనికి తిరకాసు. పంపుకు సీలు, ఆ సీలు తెగితే విచారణ. వేగానికి కళ్ళెం. బ్రేకు పట్టేస్తున్నదా, టైర్లలో గాలి ఉందా, నాజిల్ కారుతున్నదా అని రోజూ చూడటం. ఏ డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో వ్రాసి పెట్టేవారు. కె.ఎం.పి.ఎల్. అన్న ఆ నాలుగు అక్షరాలు వింటే ఇప్పటికీ ఉలిక్కిపడే మిత్రులు మన సంఘంలోనే ఉన్నారు. తక్కువ తెచ్చినవాణ్ణి మళ్ళీ శిక్షణకు పంపేవారు. అన్నా, ఇంజను మార్చకుండా కాలు మార్చమంటారేంది అని ఒక డ్రైవరు నన్ను నిలదీశాడు. కానీ ఒకే బండి, ఒకే రూటు, ఇద్దరు డ్రైవర్ల చేతుల్లో లీటరుకు అర కిలోమీటరు తేడా రావడం నా కళ్ళతో చూశాను. ఏ పరికరమూ అంత ఇవ్వలేదు.

ఇక టర్బో. పొగగొట్టంలో వృథాగా పోయే వేడిగాలితో చక్రం తిప్పి, ఇంజనులోకి గాలిని కూరే ఈ ఉపాయానికి స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచీ 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. మన లారీలకు బాగా చేరింది 1990లలో. 1993లో టాటా–కమిన్స్ సంస్థ ఏర్పడిన తర్వాత సంగతి చెప్పనక్కరలేదు. నూనెతో పాటు గాలి కూడా పెరుగుతుంది గనుక ఇది సరైన దారి. అయితే పాత ఇంజనుకు బయట టర్బో కొని బిగించినవాళ్ళు చాలామంది చెయ్యి కాల్చుకున్నారు. టర్బో ఇంజనుకు పిస్టన్లు వేరు, వాటిని చల్లార్చే ఆయిలు ఏర్పాటు వేరు, గ్యాస్కెట్టు వేరు. పాత పంచెకు కొత్త జరీ అంచు కుడితే చినిగేది పంచే గదా.

డీజిలు గొట్టానికి కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే పొడులు, మైలేజీ పెంచే డబ్బాలు ప్రతి తరంలోనూ కొత్త పేరుతో వస్తూనే ఉన్నాయి. అమ్మేవాణ్ణి ఒకటే అడగండి: ఇంత సులువైతే కోట్లు ఖర్చుపెట్టే ఫ్యాక్టరీవాళ్ళు ఆ అయస్కాంతం ఎందుకు పెట్టలేదు?

2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 బండ్లు. డీజిలు ఎంత పోయాలో నిర్ణయించేది కంప్యూటరు. పొగను శుద్ధి చేయడానికి యూరియా ద్రావణం వేరే ట్యాంకులో పోయాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి కంప్యూటరును ఏమార్చే పెట్టెలు తగిలిస్తామని తిరిగేవాళ్ళున్నారు. అది పట్టుబడితే బండి తనంతట తానే బలం తగ్గించుకుంటుంది, వారంటీ పోతుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో యజమానికి ఒక్కో మార్పుకు అయిదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేక రెండూ. పైగా 2015 అక్టోబరు నుంచి తయారైన లారీలకు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వేగం బిగించే ఉంది. ఆ 80 దాటని బండికి వేగం కోసం బలం కొనడమెందుకో నాకు అర్థం కాదు.

మన సభ్యుడొకరి అల్లుడు పోయిన సంక్రాంతికి ఇదే అడిగాడు. ఇసుక తోలే రెండో చేతి లారీ, పెట్టె పెట్టిస్తే అర కిలోమీటరు పెరుగుతుందన్నారట. పెట్టె సంగతి పక్కన పెట్టి ముందు ఎయిర్ ఫిల్టరు విప్పమన్నాను. కోట రోడ్డు ఇసుక దుమ్ముతో అది రాయిలాగా బిగుసుకుపోయి ఉంది. వెనుక ఎడమ చక్రం బ్రేకు వదలడం లేదు. రెండూ సరిచేయించుకుని మరుసటి వారం నుంచి చీటీ మీద లీటర్లు వ్రాసుకుంటున్నాడు.