ఓరుగల్లు వీధి నుంచి అద్దాల మేడ దాకా

మొన్న మే నెలలో ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం కొత్తవాడలో కరెంటు పోయింది. ఇంట్లో ఉండలేక బయటికి వస్తే, మా వాడకట్టు పెద్దాయన తువ్వాల తడిపి నెత్తిన వేసుకుని వేపచెట్టు కింద కనిపించాడు. ఆజంజాహి మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా సాంచెల మీద పనిచేసిన మనిషి. వాడంతా ఆయన్ని కాకా అంటుంది. "సారూ, పోరగాండ్లందరు మాలుకు పోయిన్రు. ఆడ సల్లగుంటదట. మనం గూడ పోదామా?" అన్నాడు. నాకు కొనవలసింది ఏమీ లేదు. ఆయనకు అసలే లేదు. ఆటో ఎక్కి హనుమకొండ వైపు బయలుదేరాం.

మన జిల్లా కేంద్రాల్లో మాల్ అనే మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఏర్పడింది. సినిమాహాళ్ళు, తినుబండారాల అంగళ్ళు ఉన్న మాళ్ళు కూడా ఉన్నాయి కాని, ఎక్కువమందికి మాల్ అంటే నాలుగైదు అంతస్తుల బట్టల దుకాణమే. మేం వెళ్ళింది అలాంటి దానికే. గుమ్మం దగ్గర కాకా తన రబ్బరు చెప్పులు విడిచి, గోడ వారగా పెట్టబోయాడు. కాపలా కుర్రాడు నవ్వి, "ఏసుకొనే రా కాకా, గుడి గాదు" అన్నాడు. లోపలికి అడుగుపెట్టగానే చలిగాలి ముఖానికి కొట్టింది. పెళ్ళిళ్ళ కాలం కనుక కొనేవాళ్ళు లేకపోలేదు. అయితే మాలాగే ఊరికే వచ్చినవాళ్ళు వాళ్ళకంటె తక్కువేమీ లేరు. కదిలే మెట్లు ఎక్కి దిగే పిల్లలూ, అద్దాల ముందు నిలబడి ఫోటోలు తీసుకునే యువకులూ, పల్లె నుంచి వచ్చి బస్సు వేళ దాకా చల్లగా కూర్చున్న ఆడవాళ్ళూ కనిపించారు.

అది చూస్తుంటే నాకు క్రీడాభిరామం గుర్తుకొచ్చింది. గుర్తు రావడం సహజమే. ఇద్దరు స్నేహితులు ఏ పనీ లేకుండా ఒక రోజంతా ఓరుగల్లులో తిరగడమే దాని వస్తువు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి తెల్లవారి బయలుదేరతారు. అమ్మే స్త్రీలను చూస్తారు, పొట్టేళ్ళ పందెం చూస్తారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథ వింటారు, ఏకవీరాదేవి గుడికి పోతారు, మాచల్దేవి చిత్రశాల చూస్తారు. సాహిత్య విద్యార్థులకు తెలిసిన విషయమే అయినా మళ్ళీ చెప్పుకోవాలి: దశరూపకాల్లో దీన్ని "వీథి" అంటారు. ప్రక్రియ పేరూ వీథే, నడిచేదీ వీథిలోనే. కాకతీయుల రాజధాని 1323లో పడిపోయాక, దాదాపు ఒక శతాబ్దం గడిచిన తరువాత, రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామాన్ని అనుసరించి ఇది తెలుగులో వచ్చింది. 1909లో మానవల్లి రామకృష్ణకవి అచ్చు వేసినప్పటి నుంచీ మన పండితులు దీని గురించి ఎక్కువగా వాదించుకున్నది ఒకే ప్రశ్న మీద: రాసింది వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా? వేటూరి ప్రభాకరశాస్త్రి శ్రీనాథుడి వైపు మొగ్గారు. ఎవరు రాశారనే ప్రశ్నకు ఇంత సిరా ఖర్చయింది కాని, ఎవరిని చూశారు, ఎలా చూశారు అనే ప్రశ్నకు అంత ఖర్చు కాలేదు. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో సురవరం ప్రతాపరెడ్డి ఈ పుస్తకాన్ని విరివిగా వాడుకుని కొంత మేలు చేశారు.

క్రీడాభిరామాన్ని పొగడడం నా ఉద్దేశం కాదు. ఆ ఇద్దరూ ఎవరు? ఒకడు బ్రాహ్మణుడు, ఒకడు వ్యాపారి. పని చేయకుండా ఒక దినం గడపగల వర్గాల వాళ్ళు. అమ్ముకునే స్త్రీ వాళ్ళ కంటికి ఒక శరీరం మాత్రమే, ఆమె పనిని పట్టి చూసే చూపు వాళ్ళకు లేదు. అయినా ఆ వీధి వాళ్ళ కళ్ళకు లొంగకుండా తన సంగతులు తాను చెప్పేసింది. పూటకూళ్ళ ఇంట్లో సన్నన్నం, గోధుమ పిండివంట, పెసరపప్పు, ఆవునెయ్యి, అరటిపళ్ళు, గడ్డపెరుగు కలిపి ఒక రూకకు భోజనం దొరికేదనీ, ఆ ఇంటి యజమాని పేరు లక్ష్మణవజ్ఝల అనీ మనకు తెలిసింది అందువల్లే. చేసేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, ఊరికే చూసేవాడు ఒకే మట్టి మీద నిలబడ్డ చోటది. వరంగల్లులో ఖాన్ సాహెబ్ తోట శాసనం చూడండి. వడ్లు, జొన్నలు, పెసలు, ఉప్పు, బెల్లం, మిరియాలు, సీసం, రాగి, ఉల్లి, అల్లం మొదలుకొని కస్తూరి, పట్టు దాకా బజారుకు వచ్చే సరుకుల మీద పన్నులు చెక్కి ఉన్నాయి. రాజ్యం కన్ను కూడా సరుకు మీదనే పడింది, నిజమే. కాని వీధిలో నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు (కులం అడ్డుపెట్టినవాళ్ళను వదిలేస్తే. ఆ వదిలేయడం చిన్న విషయం కాదని ఒప్పుకుంటాను).

మాలులో మనం అనుమతి మీద ఉంటాం. 1999లో బొంబాయిలో క్రాస్‌రోడ్స్ మాల్ తెరిచినప్పుడు లోపలికి పోవడానికి సెల్‌ఫోనో క్రెడిట్ కార్డో చూపాలన్నారు, లేనివాళ్ళు రుసుము కట్టాలన్నారు. ఇప్పుడు అంత మొరటుతనం లేదు. విచిత్రమేమిటంటే, ఈ కట్టడానికి ఆద్యుడు విక్టర్ గ్రూయెన్ వియన్నాలో సోషలిస్టు భావాలతో పెరిగిన శిల్పి. 1938లో హిట్లరు సేనలు వచ్చినప్పుడు అమెరికాకు పారిపోయాడు. 1956లో మినెసోటా రాష్ట్రంలో కట్టిన సౌత్‌డేల్, పైకప్పుతో, చల్లబరచిన గాలితో వచ్చిన తొలి పెద్ద మాల్. ఊరి నడిబొడ్డు లేని శివార్లకు వియన్నా లాంటి ఒక నడిబొడ్డు ఇవ్వాలని అతని కోరిక. చుట్టూ ఇళ్ళు, బడులు, ఆసుపత్రి ఉండాలనుకున్నాడు. పెట్టుబడి ఆ ఊహలోంచి దుకాణాన్ని మాత్రం తీసుకుని మిగతాది వదిలేసింది. చివరి రోజుల్లో అతడు ఈ బిడ్డలు తనవి కావన్నాడు. ఆలస్యంగానైనా అన్నాడు.

కాకా ఈ గొడవలేవీ పట్టించుకోలేదు. తిన్నగా చీరల అంతస్తుకు పోయి, ఒక చీర కొంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్దాడు. వెలుతురుకు ఎత్తి పట్టాడు. అంచు తిప్పి వెనకవైపు చూశాడు. కొనేవాడు ముందు వైపు చూస్తాడు, నేసినవాడు వెనక చూస్తాడు. "సూరత్ మాల్ సారూ. పాలిస్టరు. మా తమ్ముడు ఉన్న కాడిదే." మిల్లు మూతపడకముందే, చేతిమగ్గాలు కుంటుపడ్డ రోజుల్లో ఆయన తమ్ముడు సూరత్ బండి ఎక్కాడట. ఒక్కడు కాదు. వరంగల్లు నుంచి, చుట్టుపక్కల పల్లెల నుంచి వేల కుటుంబాలు సూరత్, భీవండీ, షోలాపూర్ సాంచెల దగ్గరికి వలసపోయిన కథ మనకు తెలిసిందే. ఆ నేతగాళ్ళలో ఎవరి చేయి పడిందో తెలియదు కాని, బట్ట మాత్రం అదే రైలు దారిన వెనక్కి వచ్చి అద్దాల మేడలో వేలాడుతోంది. మనిషి అక్కడే ఉండిపోయాడు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ ఊరికి బట్ట నేయడం రాక కాదు. రుద్రమదేవి పాలించిన నేలకు రేవైన మోటుపల్లి ప్రాంతంలో సాలెగూడులాంటి సన్నని బట్టలు నేస్తారని మార్కోపోలో రాసుకున్నాడు. 1851లో లండన్ హైడ్ పార్కులో ఇనుమూ అద్దాలతో కట్టిన స్ఫటిక సౌధంలో మహాప్రదర్శన జరిగితే, అక్కడ వరంగల్లు తివాచీలు పెట్టారు. నేటి మాలుకు ముత్తాత లాంటి కట్టడమది. సరుకును అద్దం కింద పెట్టి, దాన్ని చేసిన చేతిని దూరంగా ఉంచి, చూడడమే ఒక వినోదం చేసింది. ఆ అద్దాల మేడలో వరంగల్లు బట్ట ఉంది, వరంగల్లు మనిషి లేడు. వరంగల్లులోని ఈ అద్దాల మేడలో వరంగల్లు మనిషి ఉన్నాడు, నేను తిరిగిన మూడంతస్తుల్లో వరంగల్లు బట్ట కనిపించలేదు. జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఒకటి చూపించమని అడిగాను. "అవి ఉండవు సార్, బెడ్‌షీట్లు చూపించనా?" అన్నది అమ్మాయి.

1934లో నిజాం తన పెద్ద కొడుకు పేరిట కట్టించిన ఆజంజాహి మిల్లు, 1970లలో జాతీయ జౌళి సంస్థ చేతికి వచ్చి, 2002లో మూతపడింది. భూమి అమ్ముడుపోయింది, ప్లాట్లు పడ్డాయి. సైరను మోతకు పొయ్యి వెలిగించిన వాడలు సైరను లేకుండా బతకడం నేర్చుకున్నాయి. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాదిరాయి వేసినప్పుడు వలసపోయినవాళ్ళను తిరిగి రప్పిస్తామన్నారు. కాకా తమ్ముడు మాత్రం ఇంకా రాలేదు. ఆయన వయసిప్పుడు డెబ్బై.

మమ్మల్ని కొనేవాళ్ళనుకుని ఆ అమ్మాయి రెండు ఎర్ర స్టూళ్ళు జరిపింది. కూర్చున్నాం. ఆమె కూర్చోలేదు. ఒక్కొక్క చీర విప్పి, పరిచి, మడిచి, మళ్ళీ విప్పుతోంది. మాకు కొనే ఉద్దేశం లేదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. కాకాకు అలాంటి మొహమాటం లేదు. "వద్దు బిడ్డా, సల్లదనానికి వచ్చినం. నువ్వు గూడ కూసో." ఆమె పైన మూల ఉన్న కెమెరా వైపు చూసి, నవ్వి, "కూసునుడు ఉండదు తాతా" అంది. పొద్దున పదింటికి వచ్చిందట. రాత్రి తొమ్మిదిన్నర దాటాక వెళుతుందట. మధ్యలో అన్నానికి అరగంట. నిలబడిన చోటే ఒక కాలి మీంచి మరో కాలి మీదికి బరువు మార్చడం అప్పుడు గమనించాను. ఆ అంతస్తులో అలా నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది, అందరూ ఆడపిల్లలే.

"మా సాంచెల కాడ గూడ తిరుగుడే" అన్నాడు కాకా. "తెగిన పోగు అతుకుడు, కండె మార్చుడు. అన్నం గంట కొడితెనే కూసునుడు." అయినా ఒక తేడా ఉంది. నిలబడి పనిచేసే కార్మికులకు సందు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను చెప్పింది. అమలు మాట వేరు, అడగడానికి ఒక కాగితం ఉంది. బట్ట నేసేవాడికి ఉన్న ఆ కాగితం బట్ట చూపించే పిల్ల దాకా రావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది, అదీ ఇక్కడ కాదు. కోళికోడ్‌లో మిఠాయి తెరువు బట్టల దుకాణాల ఆడవాళ్ళు "పెణ్‌కూట్టు" అనే సంఘం పెట్టుకుని, కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు అదే పని చేసింది. కూర్చోవడం ఒక హక్కుగా రాయవలసి వచ్చిన కాలం మనది. రచయితలు ఈ వాక్యాన్ని ఉపమానంగా తీసుకోకూడదు. అది మోకాళ్ళకూ, పిక్కల్లో ఉబ్బే నరాలకూ సంబంధించిన వాక్యం.

నేను చల్లగా గడిపిన ఆ ఆదివారం కూడా ఎవరో ఊరికే ఇచ్చింది కాదు. ఫూలే అనుచరుడు, దీనబంధు పత్రిక సంపాదకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే బొంబాయి మిల్లు కార్మికులను కూడగట్టాడు. 1890 ఏప్రిల్‌లో వేలమందితో సభ జరిగింది, అందులో ఇద్దరు ఆడ కార్మికులు కూడా మాట్లాడారు. ఆ ఏడు జూన్ 10న యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. లండన్ అద్దాల మేడ సంగతి దీనికి తలకిందులు. వారమంతా పని ఉండే కార్మికుడికి ఖాళీ దొరికేది ఆదివారం, మేడ తలుపులు మూసేదీ ఆదివారమే. దేవుడి రోజు కనుక. ఇప్పుడు ఆ చిక్కు తీరింది. సెలవు దొరికినవాళ్ళ ఆదివారాన్ని చల్లగా ఉంచడానికి, సెలవు దొరకనివాళ్ళ ఆదివారం తెరిచి ఉంటుంది. మంచనశర్మ నడకకు కూడా ఎవరో ఒకరు వీధి ఊడ్చే ఉంటారు. వాళ్ళు ఆ రూపకంలోకి రాలేదు. మన మాలు మీద ఎవరైనా "వీథి" రాయదలిస్తే, స్టూలు మీద కూర్చున్నవాడి చోటు నుంచి కాకుండా బల్ల అవతల నుంచి మొదలుపెట్టి చూడాలి. నేను ఈ వ్యాసం స్టూలు మీది నుంచే రాశానని నాకు తెలుసు.

అయిదు దాటాక లేచాం. కాకా ఒక జేబురుమాలు కొన్నాడు, ముప్పై రూపాయలు. ఆ పిల్ల అన్ని చీరలు మడిచింది కదా అని. బిల్లు మీద తన పేరు రాదు తాతా అని ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బయట తారు ఇంకా మెత్తగానే ఉంది. గుమ్మం దగ్గర పొద్దుటి కుర్రాడే నిలబడి ఉన్నాడు. చల్లగాలి వాడి వీపు దాకా వచ్చి ఆగిపోతోంది.

"నీకు సెలవెప్పుడు బిడ్డా?" అన్నాడు కాకా.

"నెలకు రెండు కాకా. ఆదివారం మాత్రం గాదు."