గాలి పోయే దారి

సన్నీవేల్ దాటి 101 మీద ఉత్తరానికి వెళ్తుంటే కుడిచేతి వైపు నాసా వారి ఏమ్స్ కేంద్రం వస్తుంది. అక్కడ 1944 నాటి విండ్ టన్నెల్ ఉంది. 40 అడుగుల ఎత్తు, 80 అడుగుల వెడల్పు. గరాజ్‌లో సొంతంగా విమానం కట్టుకునేవాళ్ళకి దానితో చుట్టరికం ఉంది మరి.

చిన్న విమానాల్లో చాలావాటికి ఇంజన్‌ని గాలే చల్లార్చాలి. ముందు బెజ్జం పెద్దది చేస్తే సరిపోతుందనిపిస్తుంది. వంటింటి కిటికీ బార్లా తెరిచి పొగగూడు మూస్తే ఏం లాభం? సిలిండర్ల పైన ఒత్తిడి ఎక్కువగా, కింద తక్కువగా ఉంటేనే గాలి ఫిన్స్ సందుల్లోంచి దిగుతుంది. జోసెఫ్ కాట్జ్ బృందం ఆ టన్నెల్‌లో అసలు కొలతల రెక్కనీ, ఇంజన్ గూటినీ నిలబెట్టి, గాలి వచ్చే దారీ పోయే దారీ మార్చి మార్చి కొలిచి, 1982లో అచ్చువేసింది. అంత తంటా ఎందుకంటారా? పైకి ఎక్కేటప్పుడు వేగం తక్కువ, మంట ఎక్కువ. అప్పుడు సిలిండర్ మాడితే పక్కకి తీసి ఆపుకోవడానికి అది 101 కాదు గదా!

2003లో నాసా ఆ టన్నెల్‌ని మూసేసింది. 2006లో వైమానిక దళం లీజుకి తీసుకుంది.