చిన్న కారులో వెనక సీటు

అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ముందు కారు ఆగిందంటే అందరూ చూసేది వెనక తలుపు వైపే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముందు సీటు ఆసరా చేసుకుని దిగుతుంది. వెనకే ఒళ్లో పిల్లాడితో కోడలు. మన ఇళ్లలో కారు నడిపేది ఒకరైనా ఎక్కేది ఇంటిల్లిపాదీ. అందుకే ఫ్యామిలీ కారు చరిత్ర చెప్పేటప్పుడు ఇంజిను కంటే వెనక సీటే ముఖ్యమంటాను.

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 జపాన్ సుజుకి కారే. 796 సీసీ ఇంజిను, నాలుగు తలుపులు. అంతదాకా స్కూటర్‌తో సరిపెట్టుకున్న ఉద్యోగస్తులకు ధైర్యమిచ్చింది అదే. 1986లో రూపు మారాక కూడా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం, అంటే వీల్‌బేస్, 2175 మి.మీ. మాత్రమే. వెనక కూర్చున్నవాళ్లు మోకాళ్లు ముడుచుకోవాల్సిందే. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 కాలుష్య నిబంధన అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కావడంతో ఇక్కడ కొత్త 800ల అమ్మకం ఆగిపోయింది.

అసలు మలుపు 1998 సెప్టెంబరులో హ్యుందాయ్ తెచ్చిన సాంత్రో. దాని మూలం కొరియాలోని ఏటోస్. ఆ కారు వెనక భాగం మనవాళ్లకు నచ్చదని ఆకారం మార్చారు. పైకప్పు మాత్రం ఎత్తుగానే ఉంచారు. ఎత్తు పెరిగితే సీటు పైకి వస్తుంది, కుంగి కూర్చునే బాధ తప్పుతుంది. వీల్‌బేస్ 2380కి చేరింది. ఆ ఆకారాన్ని మొదట్లో వెక్కిరించినవాళ్లున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కసారి ఎక్కి దిగాక ఆ మాట ఆగింది. మన అవసరం చూసి కారు ఆకారాన్నే మార్చిన ఆ పని ఎంతో పెద్దదని నా నమ్మకం.

ఈ కథలో హైదరాబాద్ పాత్ర చాలాకాలం కొనుగోలుదారుదే. 1942లో ఇక్కడ మొదలైన ఆల్విన్ కంపెనీ బస్సులకు బాడీలు కట్టింది. 1980ల్లో జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి ట్రక్కులు తయారుచేసింది. కారు గీతలు మాత్రం బయటే గీసేవారు. 2006లో హ్యుందాయ్ తన ఇంజినీరింగ్ కేంద్రాన్ని హైదరాబాద్‌లో పెట్టాక కంప్యూటర్ తెర మీద బాడీ గీయడం, అది గుద్దుకుంటే ఎక్కడ నొక్కుకుపోతుందో లెక్కగట్టడం మన కుర్రాళ్ల పనైంది. 2018లో మళ్లీ వచ్చిన సాంత్రోలో కొరియాలోని నామ్యాంగ్ కేంద్రంతో పాటు ఈ కేంద్రానికీ పాలుంది.

అదే 2006 కేంద్ర బడ్జెట్ చిన్న కారుకు హద్దు గీసింది. పొడవు నాలుగు మీటర్లు, పెట్రోల్ ఇంజిను 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ దాటని కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. అక్కడి నుంచి డిజైనర్ పక్కన పన్ను అధికారి కూడా కూర్చున్నట్టే అయింది. సెడాన్ల డిక్కీలు కోసినట్టు పొట్టిగా తయారయ్యాయి. ఆ అందవికారానికి నేను ఇప్పటికీ సర్దుకోలేదు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 18 శాతానికి తగ్గినప్పుడూ అవే హద్దులు.

ఆ హద్దుల ప్రభావం పెనుకొండలోనూ కనిపిస్తుంది. అక్కడికి దగ్గర ఎర్రమంచిలోని కియా కార్ల కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ బయటికొచ్చింది. కరువు సీమలో గొల్లపల్లి జలాశయం నీళ్లతో నడిచే ఫ్యాక్టరీ అది. 2020లో అక్కడి నుంచే సోనెట్ వచ్చింది. పొడవు 3995 మి.మీ., పెట్రోల్ ఇంజిన్లలో ఒకటి 1197 సీసీ, డీజిల్ 1493. ఐదు మిల్లీమీటర్లు, మూడు సీసీలు, ఏడు సీసీలు... హద్దుకు అంత దగ్గరగా ఆగారు. వీల్‌బేస్ 2500.

2025 ఫిబ్రవరిలో వచ్చిన కియా సైరోస్ పొడవూ 3995 మి.మీ.లే. వీల్‌బేస్ మాత్రం 2550. బయట ఒక్క మిల్లీమీటరు పెంచకుండా చక్రాలను అంచులకు జరిపి లోపల చోటు సంపాదించారు. పై రకాల్లో వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వాలుతుంది కూడా. అంతకుముందు చాలా చిన్న కార్లలో ఈ సౌకర్యాలు ముందు కూర్చున్నవాళ్లకే ఉండేవి.