దగ్గు మందుగా వచ్చిన హెరాయిన్

హెరాయిన్ అనగానే మీకు దొంగ రవాణా గుర్తుకు రావచ్చు. కానీ 1898లో జర్మనీలోని బేయర్ కంపెనీ దానిని దగ్గు మందుగానే అమ్మకానికి పెట్టింది. క్షయ, న్యుమోనియా ప్రాణాలు తీస్తున్న ఆ రోజుల్లో అలాంటి మందుకు ఎంత గిరాకీ ఉండేదో ఊహించండి. నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌కు అప్పటికే ఎందరో బానిసలయ్యారు. హెరాయిన్‌తో ఆ భయం లేదని ప్రచారం జరిగింది. నిజానికి దానిని తయారుచేసేది మార్ఫిన్ నుంచే. శరీరంలోకి వెళ్ళాక అది మళ్ళీ మార్ఫిన్‌గా మారుతుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. దగ్గునూ శ్వాసనూ నడిపే కేంద్రాలు రెండూ మెదడు అడుగుభాగంలోనే ఉన్నాయి. దగ్గును అణచిన మందే మోతాదు మించితే ఊపిరిని ఆపేస్తుంది. పైగా అలవాటైన వారికి పాత మోతాదు చాలదు.

అమెరికా 1924లో హెరాయిన్ తయారీని నిషేధించింది. అప్పటికే అది మందుల దుకాణం దాటి వీధుల్లోకి చేరింది.