రియల్ ఏల్ పబ్బులు
రియల్ ఏల్ పీపాలోనే ప్రాణంతో ఉండే ఇంగ్లండ్ బీరు. ఈస్టుతో సహా పీపాకెత్తి పబ్బుకు పంపుతారు. మన కల్లులాగే అక్కడా పులుస్తూనే ఉంటుంది. బయటి నుంచి గ్యాస్ ఎక్కించరు. నేలమాళిగలో సుమారు 12 డిగ్రీల చల్లదనంలో ఉంచి, చేతిపంపుతో లాగి, 568 మిల్లీలీటర్ల పింటు గ్లాసులో పోస్తారు. తెరిచిన పీపా కొద్ది రోజుల్లోనే ఖాళీ కావాలి. అందుకే మంచి ఏల్‌లో సగం గొప్పతనం పబ్బు నడిపేవారి శ్రద్ధదే.

1960లలో పెద్ద కంపెనీల గ్యాస్ బీరు దీన్ని దాదాపు మింగేసింది. 1971లో ఐర్లండ్‌కు సెలవులకెళ్లిన నలుగురు ఇంగ్లిష్ మిత్రులు మొదలుపెట్టిన ‘కామ్రా’ ఉద్యమం మళ్లీ నిలబెట్టింది.

లండన్‌లో సదర్క్‌లోని జార్జ్ ఇన్ తప్పక చూడాల్సింది. 1676 అగ్నిప్రమాదం తర్వాత తిరిగి కట్టిన గుర్రపుబళ్ల సత్రం ఇది. చెక్క వసారాలున్న అలాంటి సత్రాల్లో నగరంలో మిగిలింది ఇదొక్కటే. ఇప్పుడు నేషనల్ ట్రస్ట్ ఆస్తి. ఏల్, భోజనం నేటికీ వడ్డిస్తున్నారు.